మూడు జతల చెప్పులు

మనుషులు బోటు ఎక్కుతుంటే అప్పయ్య ముఖం తిప్పుకుంటాడు. ఇంజను మీది చెక్క మూత తీసి లోపలికి వంగుతాడు. అక్కడ చూడవలసింది ఏమీ ఉండదు. ఎక్కేవాళ్ళ బరువుకు బోటు ఊగుతుంది. ఊగడం ఆగాక తల ఎత్తుతాడు. మనుషుల వైపు కాదు. చుక్కాని పక్కన నీలం రంగు ప్లాస్టిక్ చేపల ట్రే ఒకటి ఉంటుంది. ఎక్కినవాళ్ళు చెప్పులు విడిచి అందులో పెట్టాలి. దిగేటప్పుడు తొడుక్కుని దిగాలి. ఆ బోటులో అదొక్కటే నియమం. అప్పయ్య ట్రేలోకి చూస్తాడు. "సరే" అంటాడు. బోటు కదులుతుంది.

అతనికి యాభై ఆరేళ్ళు. ఇల్లు బందరు దగ్గర గిలకలదిండిలో, హార్బరుకు వెళ్ళే రోడ్డు పక్కన. పద్నాలుగో ఏట సముద్రం మీదికి వెళ్ళాడు. నలభై దాటాక సొంత బోటు కొన్నాడు. యాభై ఒకటో ఏట కుడి భుజం పట్టేసింది. వల లాగడం కుదరలేదు. వల అమ్మేశాడు. బోటు అమ్మలేదు.

అప్పటి నుంచి సరదాకి చేపలు పట్టేవాళ్ళను తిప్పుతున్నాడు. బందరు, గుడివాడ, విజయవాడ నుంచి వస్తారు. ఒక్కొక్కరి దగ్గర నాలుగైదు రాడ్లు, రీళ్ళు, డబ్బాల నిండా రంగు రంగుల రబ్బరు చేపలు. రెండు మూడు రోజులు నీళ్ళ మీదే ఉంటారు. పెద్ద చేప పడితే ఫోటో తీసుకుని మళ్ళీ వదిలేస్తారు. మొదటి ఏడాది అప్పయ్య అది చూడలేకపోయాడు. ఇప్పుడు చూస్తాడు. వదిలిన చేప ఎటు వెళ్ళిందో కూడా చెబుతాడు.

అప్పయ్య మనుషుల్ని లెక్కపెట్టడు.

ఇంటికి చుట్టాలు వస్తే ఎంతమందో చెప్పడు. "ఇంకో రెండు గ్లాసుల బియ్యం పొయ్యి" అంటాడు భార్యతో.

"ఎంతమంది వచ్చారయ్యా అంటే బియ్యం చెబుతాడు ఈ మహానుభావుడు," అంటుంది ఎల్లమ్మ. "రేపు నేను పోతే, మోసేవాళ్ళెంతమందంటే వెదురు బొంగులు చెబుతాడు."

జనం లెక్కలు రాసుకోవడానికి ఎవరైనా పుస్తకం పట్టుకుని వస్తే అప్పయ్య పెరట్లోకి వెళ్ళిపోతాడు. ఎల్లమ్మే చెప్పి పంపిస్తుంది.

ఇది తండ్రి నుంచి వచ్చింది. వాళ్ళది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి అప్పయ్యకు ఎనిమిదేళ్ళు. ఉప్పెనకు ముందు రోజు మధ్యాహ్నం తండ్రి ఒక పెళ్ళికి బండి మాట్లాడుతూ ఇంట్లోవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు మంది. బండివాడికి వినబడేలా గట్టిగానే అన్నాడు. మర్నాడు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక తండ్రి అప్పయ్య చెయ్యి పట్టుకుని బురదలో నడుస్తూ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు. రెండు రోజులు పిలిచాడు. ఎవరూ పలకలేదు.

తరువాత ఆయన ఏనాడూ మనుషుల్ని లెక్కపెట్టలేదు. ఉన్నారో లేదోనని ఎవరినీ పేరు పెట్టి పిలిచి చూసుకోలేదు. కొడుకును కూడా చెయ్యనివ్వలేదు. అది నమ్మకమా అని ఎవరైనా అడిగితే అప్పయ్య కాదంటాడు. "నోరు రాదండీ," అంటాడు. అంతకు మించి చెప్పడు.

అందుకని వేరే దారి చూసుకున్నాడు. వల రోజుల్లో పనివాళ్ళ అన్నం క్యారేజీలు చూసుకునేవాడు. ఇప్పుడు చెప్పులు. క్యారేజీ లేకుండా సముద్రం మీదికి వచ్చేవాడు లేడు. చెప్పులు లేకుండా ఇసుక దిబ్బ మీద దిగేవాడూ లేడు. దిబ్బల మీద గుల్లలు కత్తుల్లా ఉంటాయి. చెప్పులు ట్రేలో ఉన్నాయంటే మనిషి బోటులో ఉన్నట్టే. ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున్న ముగ్గురు స్నేహితులు మూడు రోజుల కోసం వచ్చారు. అది వాళ్ళు నాలుగో ఏడాది రావడం.

సైఫుల్లాది బందరు. రోల్డు గోల్డు పని. గాజులకు పూత వేసే తొట్టిలోనే గాలానికి కట్టే ఇత్తడి రేకులకూ పూత వేస్తాడు. క్రాంతి కుమార్ గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరరు. ఫిజిక్సు చెబుతాడు. ఏ చేప ఏ లోతులో పడిందో, అప్పుడు నీళ్ళు ఎటు నడుస్తున్నాయో ఫోన్లో రాసుకుని అందరికీ వినిపిస్తాడు. కాంతారావు మొవ్వ దగ్గర పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. అరవై మూడేళ్ళు. మాటలు తక్కువ. కాలువ గట్టున గాలాలు వేస్తూ పరిచయమైనవాళ్ళు ముగ్గురూ.

"అప్పయ్య బావా, ఈసారి పండుగప్ప చూపించకపోతే నిన్నే గాలానికి గుచ్చుతా," అన్నాడు సైఫుల్లా ఎక్కుతూ.

అప్పయ్య ఇంజనులోకి వంగి ఉన్నాడు. "నన్ను గుచ్చితే పీత కూడా రాదండీ. అన్నీ ఎముకలే."

"అయితే మాస్టార్ని గుచ్చుదాం. గుడివాడ నెయ్యి."

"నన్ను నీళ్ళలో దించితే చేపలకి క్లాసు పీకుతా," అన్నాడు క్రాంతి కుమార్. "ఒక్కటీ మిగలదు. అన్నీ శ్రీలంక పోతాయి."

కాంతారావు నవ్వాడు. ఆయన నవ్వుకు చప్పుడు ఉండదు.

ట్రేలో సైఫుల్లా తోలు చెప్పులు, మాస్టారి బెల్టు శాండిల్సు, కాంతారావు నీలం పట్టీల హవాయి చెప్పులు. మూడు జతలు. "సరే," అన్నాడు అప్పయ్య.

ఆ రోజు తీరం వెంట దక్షిణంగా వెళ్ళారు. రెండు వంజరాలు పడ్డాయి. అన్నం తిన్నాక కాంతారావు ముందు భాగంలో ఉన్న చిన్న క్యాబిన్‌లోకి దూరి గంటసేపు పడుకున్నాడు. ఒక మనిషి పట్టేంత చోటు అది. ఏటా ఆయన పడుకునే చోటు అదే. సాయంత్రానికి కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర లంగరు వేశారు.

శనివారం పదకొండింటికి బోడిదిబ్బ బయటపడింది. నీళ్ళు తీసినప్పుడు మూడు నాలుగు గంటలు పైకి తేలి, పోటు రాగానే మునిగిపోయే ఇసుక దిబ్బ. పొడవుగా, చెట్టూ చేమా లేకుండా ఉంటుంది. దిబ్బ కొసన ఎప్పటిదో పాత బోటు ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. దాని నీడలో పండుగప్పలు తిరుగుతాయని అప్పయ్యే చెప్పాడు.

సైఫుల్లా, క్రాంతి కుమార్ చెప్పులు తొడుక్కుని ముందు దిగారు. ఏదో వాదించుకుంటూ దిబ్బ మీదికి నడిచారు. అప్పయ్య మళ్ళీ ఇంజనులోకి వంగాడు.

కాంతారావు చివర దిగాడు. బోటు అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. అడుగున మెత్తటి ఒండ్రు తగిలింది. పొలంలో పెరిగిన మనిషి. నీళ్ళలో దిగేటప్పుడు చెప్పులు గట్టున వదలడమే ఆయన ఎరిగిన పద్ధతి. ప్యాంటు మడుచుకుని, రాడ్డు తీసుకుని, పాత బోటు వైపు నడిచాడు. హవాయి చెప్పులు ట్రేలోనే ఉండిపోయాయి.

ఒంటిగంటన్నరకి, దూరంగా సముద్రం మీద తెల్లగా పక్షుల గుంపు కనిపించింది. నీళ్ళలోకి దూకుతున్నాయి. లేస్తున్నాయి. మళ్ళీ దూకుతున్నాయి.

"వంజరాలు!" అని అరిచాడు క్రాంతి కుమార్. "కింద మంద ఉంది. బావా, ఇంజను!"

ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. చెప్పులు ట్రేలోకి విసిరారు. అప్పయ్య లంగరు లాగి వంగి ఉన్నాడు. బోటు ఊగింది. ఆగింది. తల ఎత్తి ట్రేలోకి చూశాడు. మూడు జతలు.

"సరే," అన్నాడు.

కాంతారావు పాత బోటు వెనక మోకాలి లోతు నీళ్ళలో వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

గంటన్నరసేపు పక్షుల వెంట తిరిగారు. చిన్నవి నాలుగు పడ్డాయి. వదిలేశారు. మూడింటికి సైఫుల్లా రాడ్డు విల్లులా వంగింది. రీలు కూత పెట్టింది. అంత పెద్ద వంజరాన్ని ఆ నాలుగేళ్ళలో వాళ్ళు చూడలేదు. అది ఒకసారి నీళ్ళ పైకి ఎగిరి పడింది. ముగ్గురూ ఒకేసారి కేక వేశారు.

"కాంతారావు గారూ, ఇక లేవండి! ఇది చూడకపోతే మళ్ళీ జన్మలో చూడరు!" అన్నాడు సైఫుల్లా.

"రాత్రి సరిగ్గా పడుకోలేదేమో పాపం," అన్నాడు క్రాంతి కుమార్.

"లేపండి మాస్టారూ. తరవాత నన్ను తిడతారాయన."

"ఆయన తిట్టడం మీరెప్పుడు విన్నారు?" అంటూ క్రాంతి కుమార్ ముందుకు వెళ్ళి క్యాబిన్‌లోకి తల పెట్టాడు. కాసేపు తల అందులోనే ఉంచాడు. తరువాత బయటికి తీశాడు.

"ఆయన లేరు," అన్నాడు. టైము చెప్పినట్టు అన్నాడు.

"లేకపోవడమేంటి?"

"దుప్పటి ఉంది. సంచి ఉంది. ఆయన లేరు."

బోటు పొడవు ముప్పై అడుగులు. వెతకడానికి చోటే లేదు. అయినా వెతికారు. టార్పాలిన్ ఎత్తి చూశారు. క్రాంతి కుమార్ ఐసు పెట్టె మూత తెరిచి లోపలికి చూశాడు. మూత వేసి, మళ్ళీ తెరిచి చూశాడు. సైఫుల్లా చేతిలో రాడ్డు ఇంకా గుంజుతూనే ఉంది. కత్తి తీసి దారం కోసేశాడు. రాడ్డు ఒక్కసారి నిటారుగా అయింది.

కాంతారావు ఫోను క్యాబిన్‌లో, సంచి జేబులో ఉంది.

అప్పయ్య ట్రేలోకి చూశాడు. మూడు జతలు. మళ్ళీ చూశాడు.

"పడిపోయారండీ," అన్నాడు. "వచ్చిన దార్లో ఎక్కడో పడిపోయారు."

బోటు వెనక్కి తిప్పాడు. క్రాంతి కుమార్ ఫోన్లో వచ్చిన దారి గీతలా కనిపిస్తోంది. ఆ గీత వెంట నెమ్మదిగా వెళ్ళారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. సముద్రం చదునుగా ఉంది. ఎండ నీళ్ళ మీద పగిలి కళ్ళలో పడుతోంది. కొబ్బరికాయ ఒకటి తేలుతూ వచ్చింది. ముగ్గురూ దాన్నే చూశారు. అది కొబ్బరికాయేనని తెలిశాక కూడా, దాటిపోయేదాకా చూశారు.

సైఫుల్లా పేరు పెట్టి అరుస్తున్నాడు. క్రాంతి కుమార్ అరుస్తున్నాడు. అప్పయ్య అరవలేదు. పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

ముప్పావు గంట అలా గడిచింది. సైఫుల్లా గొంతు బొంగురుపోయింది. అరవడం ఆపి చుక్కాని దగ్గరికి వచ్చాడు.

"బావా. దిబ్బ దగ్గర ఆయన ఎక్కారా?"

"ఎక్కారండీ."

"నువ్వు చూశావా?"

"చెప్పులున్నాయి కదండీ."

"చెప్పులు కాదయ్యా. మనిషి. మనిషిని చూశావా?"

అప్పయ్య ట్రే వైపు చెయ్యి చూపించాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మీరు చూశారా?" అని క్రాంతి కుమార్ సైఫుల్లాని అడిగాడు.

సైఫుల్లా చూడలేదు. అడిగినవాడూ చూడలేదు. పడుకుని ఉంటారని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోను కూడా లేదు. ఎవరికి వారే అనుకున్నారు.

క్రాంతి కుమార్ వాచీ చూసుకున్నాడు. "ఒంటిగంటకి పోటు మొదలైంది. ఇప్పుడు నాలుగు కావస్తోంది. దిబ్బ ఎత్తు..." అన్నాడు. మిగతా లెక్క అతనికి వచ్చు. పైకి చెప్పలేదు.

అప్పయ్య ఇంజను జోరు పెంచాడు. బోటు వణికింది.

నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. ఆ దిబ్బ మీదికి నీళ్ళు ఎలా వస్తాయో అప్పయ్యకు తెలుసు. ముందు దక్షిణం కొస మునుగుతుంది. తరువాత నడుముకు గండి పడుతుంది. రెండు వైపుల నీళ్ళూ అక్కడ కలుస్తాయి. కలిసిన చోట మనిషి నిలబడలేడు. కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. ఇదంతా వద్దన్నా ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తూనే ఉంది. ఆరింటికి చీకటి పడుతుంది. పోటు అప్పటికీ నిండదు.

దిబ్బ లేదు.

దిబ్బ ఉండవలసిన చోట కెరటాలు విరిగే తెల్లటి గీత ఒకటి ఉంది. దాని చివర పాత బోటు మొన ఒక్కటే నీళ్ళ పైకి కనిపిస్తోంది. నల్లగా, నిలువుగా, మొద్దులా. దాని మీద ఎవరూ లేరు.

ఇంజను నెమ్మదించాడు అప్పయ్య. ముగ్గురూ ఆ మొద్దునే చూస్తున్నారు. సైఫుల్లా అక్కడే కూలబడ్డాడు. "యా అల్లా," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. క్రాంతి కుమార్ చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి ఏం చెప్పాలో అతనికి తోచడం లేదు.

అప్పుడు అప్పయ్య లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"కాంతారావు గారూ!"

అతని నోట ఆ పిలుపు ఎలా ఉంటుందో అతనికే తెలియదు. కీచుగా వచ్చింది. చిన్న పిల్లవాడు పిలిచినట్టు వచ్చింది.

"కాంతారావు గారూ!"

మొద్దు అవతల నుంచి ఒక చెయ్యి పైకి లేచింది.

"ఆఁ," అని వినబడింది. పొలంలో పక్క గట్టు నుంచి ఎవరో పిలిస్తే పలికినట్టు.

బోటు అంత దగ్గరికి వెళ్ళదు. అప్పయ్య చుక్కాని సైఫుల్లా చేతిలో పెట్టి, తాడు నడుముకు కట్టుకుని దూకాడు. కాంతారావు మొద్దుకు అవతలి వైపు దాన్ని వాటేసుకుని ఉన్నాడు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. కెరటం వచ్చినప్పుడల్లా గడ్డం దాకా లేస్తున్నాయి. అప్పయ్య ఒక చెయ్యి అందుకుని రెండోది వదలమన్నాడు. ఆయన వదులుతున్నాననే అన్నాడు. చెయ్యి వదలడం లేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలే విప్పవలసి వచ్చింది. చెక్కకు పట్టిన గుల్లలు గీరుకుని అరచేతులు, ఛాతీ చీరుకుపోయి ఉన్నాయి. రక్తం నీళ్ళలో కలిసిపోవడం వల్ల కనిపించడం లేదు. బోటులోకి లాగాక కనిపించింది.

దుప్పటి కప్పారు. ఫ్లాస్కులో మిగిలిన టీ ఇచ్చారు. కప్పు పట్టుకోలేకపోతే సైఫుల్లా తాగించాడు. సగం టీ దుప్పటి మీద పడింది. బోటు మొగ వైపు వెళ్తోంది. ముందుగా కాంతారావే మాట్లాడాడు.

"ఎప్పుడు చూసుకున్నారు, నేను లేనని?"

సైఫుల్లా క్రాంతి కుమార్ వైపు చూశాడు. క్రాంతి కుమార్ చేతులు చూసుకుంటున్నాడు.

"మూడింటికండీ," అన్నాడు సైఫుల్లా.

"మీరు వెళ్ళింది ఒంటిగంటన్నరకి."

"అవునండీ."

కాంతారావు తల ఊపాడు. ముఖంలో కోపం లేదు. అదే చూడలేకపోయారు ముగ్గురూ. "ఇంజను వినబడితే చోటు మారుస్తున్నారనుకున్నాను. నేను ఇటు తిరిగేసరికి బోటు అరమైలు పోయింది. చొక్కా విప్పి ఊపాను. కేకలేశాను. వెంటనే తిరిగొస్తారనుకున్నాను. పక్షులు ఎటెళ్తే మీరూ అటే వెళ్తున్నారు. భలే తిరిగారు," అన్నాడు.

"కాంతారావు గారూ..."

"అదే మాస్టారు దిబ్బ మీద మిగిలిపోయుంటే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. అందరి చెవులూ ఖాళీ అయిపోయేవి."

క్రాంతి కుమార్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వు కాదు అది.

మొగ దగ్గర లంగరు వేశాక అప్పయ్య వచ్చి కాంతారావు ఎదురుగా కింద కూర్చున్నాడు. తండ్రి సంగతి చెప్పాడు. పెళ్ళి బండి, పదకొండు, బురదలో పిలవడం. క్యారేజీలు, చెప్పులు. బోటు ఎక్కినవాళ్ళకు అతను అది చెప్పడం అదే మొదలు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"తప్పు నాదండీ," అన్నాడు చివర. "వీళ్ళకి కాసేపటికైనా అనుమానం వచ్చింది. నాకు అప్పటికీ రాలేదు. మీరు ఎక్కారనే అన్నాను. ముప్పావు గంట లేనిచోట వెతికించాను."

కాంతారావు ట్రేలోని హవాయి చెప్పుల వైపు చూశాడు.

"నేను చెప్పులు వేసుకుని దిగాల్సింది," అన్నాడు.

ఆ మాట అప్పయ్యకు కొట్టినట్టు తగిలింది. తిట్టి ఉంటే తల దించుకునేవాడు. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. అన్నం తినమంటే వద్దన్నాడు.

ఆదివారం తెల్లవారగానే సైఫుల్లా అన్నాడు, "బావా, ఇక ఎక్కడా ఆగొద్దు. తిన్నగా బందరు. ఆయన చేతులు డాక్టరుకి చూపించాలి."

"నా రాడ్డు అక్కడే ఉండిపోయింది," అన్నాడు కాంతారావు. అరచేతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి.

"ఎక్కడ?"

"పాత బోటు పక్కటెముకల్లో దూర్చాను. ఉండుంటుంది. నీళ్ళు తీశాక వెళ్ళి తీసుకుందాం."

"రాడ్డు పోతే పోనివ్వండి! నాది తీసుకోండి. రెండు తీసుకోండి."

"మా ఆవిడ అడుగుతుంది, రాడ్డేదని. పోయిందంటే ఎలా పోయిందంటుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పానంటే ఇక జన్మలో నన్ను కాలువ గట్టుకి కూడా పంపదు."

ఆ దిబ్బ పేరు ఎత్తడానికే మిగతావాళ్ళకు ధైర్యం లేదు. ఆయన మాత్రం బజారుకు వెళ్ళొద్దామన్నట్టు మాట్లాడుతున్నాడు.

పన్నెండింటికి దిబ్బ వీపు బయటపడింది. తడిగా మెరుస్తోంది. పాత బోటు దగ్గర నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. రాడ్డు కూడా దూరం నుంచి సన్నగా కనిపిస్తోంది. అప్పయ్య లంగరు వేసి ఇంజను ఆపాడు.

"మేమూ వస్తాం," అన్నాడు క్రాంతి కుమార్.

"వద్దు మాస్టారూ. మీరు కూర్చోండి. ఐదు నిమిషాల పని."

కాంతారావు బోటు అంచున కూర్చుని ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. రెండో కాలు పెట్టలేదు. అలాగే ఉన్నాడు. గుడ్డ కట్టిన చేత్తో బోటు అంచు పట్టుకున్నాడు. ఆ చెయ్యి బిగుసుకుంటోంది. గుడ్డ మీద కొత్తగా ఎరుపు తేలింది. ముఖం మాత్రం మామూలుగానే ఉంది. దిబ్బ వైపు చూస్తున్నాడు. తరువాత వెనక్కి తిరిగి ఇంజను వైపు చూశాడు. మళ్ళీ దిబ్బ వైపు.

సైఫుల్లా ఏదో అనబోయాడు. అప్పయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

ఆ ఇంజనుకు తాళంచెవి లేదు. ఇనప హ్యాండిలు దూర్చి తిప్పితేనే అంటుకుంటుంది. బోటులో ఉన్న హ్యాండిలు అదొక్కటే. అప్పయ్య వంగి దాన్ని బయటికి తీశాడు. భుజం మీది తువ్వాలుతో నూనె మరక తుడిచాడు. మోచెయ్యంత పొడవు, మంచి బరువు. రెండు చేతులతో పట్టుకుని వచ్చి కాంతారావు ముందు నిలబడ్డాడు.

"ఇది తమరి దగ్గర ఉంచుకోండి," అన్నాడు. "వచ్చాక ఇద్దురుగాని."

కాంతారావుకు వెంటనే అర్థం కాలేదు. అందుకున్నాక అయింది. హ్యాండిలును చంకలో పెట్టుకుని, రెండో కాలు కూడా నీళ్ళలో పెట్టి, నెమ్మదిగా నడవసాగాడు.

అప్పయ్య ఖాళీ చేతులతో ఇంజను మూత మీద కూర్చున్నాడు.